వరి శాస్త్రవేత్తకు రెండేళ్ల గడువు చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారం. బెంగళూరులో మొక్కల మాలిక్యులర్ బయాలజీలో పనిచేస్తున్న ఒక తెలుగు శాస్త్రవేత్తకు 'ప్రపంచంలోని మొదటి 2 శాతం శాస్త్రవేత్తల' జాబితాలో చోటు దక్కిందని మీ బెంగళూరు ఎడిషన్‌లో వచ్చిన వార్త చదివాను. పరిశోధన పేపర్లు ఎన్ని, వాటికి వచ్చిన సైటేషన్లు (వేరే పేపర్లలో వాటిని ఉటంకించిన సార్లు) ఎన్ని, ఈ రెంటినీ కలిపి కట్టే హెచ్-ఇండెక్స్ ఎంత అన్న మూడు అంకెలనూ ఫొటో పక్కన పెద్ద అక్షరాల్లో వేశారు. ఆయన ఏ మొక్క మీద పనిచేశారో, అందులో ఏమి కనిపెట్టారో మాత్రం వార్త మొదటి నుంచి చివరిదాకా వెతికినా కనబడలేదు. ఇక్కడి ఒక పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉద్యోగం చేసినంత కాలం, ప్రమోషన్ల ఫైళ్లకూ ప్రాజెక్టు దరఖాస్తులకూ ఇలాంటి అంకెలు తీసి ఇచ్చినవాణ్ణి కాబట్టి, వాటి వెనుక ఏముంటుందో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ శాస్త్రవేత్త ప్రతిభ మీద నాకు ఏ సందేహమూ లేదు. నా అభ్యంతరమల్లా వార్త రాసిన తీరు మీదే.

ముందు జాబితా సంగతి. మీ వార్తలో దాన్ని 'స్టాన్‌ఫర్డ్ గుర్తింపు' అన్నారు. అమెరికాలోని ఆ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జాన్ అయోనిడిస్ తన సహచరులతో కలిసి, శాస్త్ర పత్రికలు ప్రచురించే ఎల్సెవియర్ సంస్థకు చెందిన స్కోపస్ అనే సైటేషన్ల సమాచార నిధి ఆధారంగా తయారుచేసి, విడతలవారీగా విడుదల చేసే గణాంకాల పట్టిక అది. దానికి దరఖాస్తు ఉండదు, ఎంపిక సంఘం ఉండదు, పేపర్లు చదివి మంచిచెడ్డలు తేల్చేవారూ ఉండరు. శాస్త్రాన్ని 22 రంగాలుగా, 174 ఉపరంగాలుగా విడదీసి, ఆరు రకాల లెక్కలు కలిపి ఒక మిశ్రమ స్కోరు కడతారు. మొత్తం మీద మొదటి లక్షలో ఉన్నా, తమ ఉపరంగంలో మొదటి 2 శాతంలో ఉన్నా పేరు చేరుతుంది. పట్టికలు రెండుంటాయి. ఒకటి వృత్తి జీవితం మొత్తానికి సంబంధించినది, రెండోది కేవలం ఒక ఏడాదిది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది గాని, పేరు దేనిలో వచ్చిందో మీ వార్త చెప్పలేదు. ఎవరి పేపర్లను వారే ఉటంకించుకున్న స్వీయ సైటేషన్లు తీసేస్తే ఎంత మిగులుతుందో కూడా అదే పట్టికలో పక్క నిలువు వరుసలో ఉంటుంది. ఇటీవలి విడతల్లో ఉపసంహరించుకున్న పేపర్ల వివరాలనూ చేర్చారు. తయారుచేసినవారు ఇంత జాగ్రత్తపడితే, దాన్ని వార్తగా మార్చేటప్పుడు మనం ఆ జాగ్రత్తలన్నిటినీ ఒడ్డునే వదిలేస్తున్నాం.

న్యాయంగా చెప్పాలంటే ఆ మిశ్రమ స్కోరు ఒక విషయంలో మెచ్చుకోదగినది. వందమంది రచయితల్లో ఒకరుగా పేరున్న పేపరుకూ, మొదటి పేరో చివరి పేరో తమదైన పేపరుకూ అది తేడా చూపిస్తుంది. ఈ రంగంలో బెంచ్ దగ్గర నిలబడి ప్రయోగం చేసిన విద్యార్థి పేరు మొదట, ల్యాబ్ నడిపే ఆచార్యుల పేరు చివర రావడం ఆనవాయితీ. మధ్యలో ఉన్న పేర్లలో ఎవరి పాలు ఎంతో బయటివారికి తెలియదు. మామూలు సైటేషన్ల మొత్తంలోనూ హెచ్-ఇండెక్స్‌లోనూ ఈ తేడాకు చోటే లేదు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన జార్జ్ హిర్ష్ ప్రతిపాదించాడు. లెక్క చాలా సులువు. ఒకరి పేపర్లన్నిటినీ ఎక్కువ సైటేషన్లు వచ్చిన దాని నుంచి తక్కువ వచ్చిన దాని వరకు వరసగా రాసి, పక్కన క్రమసంఖ్య వేసుకుంటాం. పైనుంచి దిగుతూ వస్తే ఒకచోట క్రమసంఖ్య సైటేషన్ల సంఖ్యను మించిపోతుంది. దానికి ముందున్న క్రమసంఖ్యే హెచ్-ఇండెక్స్. 20వ పేపరుకు 23 సైటేషన్లుండి, 21వ దానికి 19 మాత్రమే ఉంటే హెచ్ 20. అందరికంటే పైనున్న పేపరుకు 300 వచ్చినా 3,000 వచ్చినా ఆ 20 కదలదు. ఒకసారి పెరిగాక తగ్గదు, మనిషి రిటైరైపోయి ల్యాబ్‌కు తాళం పడ్డాక కూడా పెరుగుతూ పోవచ్చు. కాబట్టి వయసు మీరినవారికి అది సహజంగానే అనుకూలం. హిర్ష్ తన భౌతికశాస్త్రం వారి కోసం 12 ఉంటే శాశ్వత ఉద్యోగానికి, 18 ఉంటే పూర్తి స్థాయి ప్రొఫెసరు పదవికి సరిపోవచ్చని సూచించాడు. ఆ సూచనను మొక్కలవారికీ, గణితంవారికీ, వైద్యంవారికీ ఒకే కర్రతో కొలవడానికి వాడటం తర్వాతివారి పని. ఆ కొలత దారుణంగా విఫలం కాగలదనీ, తాననుకోని చెడు ఫలితాలు దానివల్ల కలుగుతున్నాయనీ 2020లో హిర్షే రాశాడు.

పైగా ఆ అంకె ఎక్కడి నుంచి తీశారన్నది చెప్పకపోతే అసలు అర్థమే లేదు. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ అనే మూడు సమాచార నిధుల్లోనూ ఒకే మనిషికి ఒకే రోజు మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. స్కాలర్ సిద్ధాంత గ్రంథాలనూ, ఇంకా ప్రచురణ కాని రాతప్రతులనూ కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అక్కడి సంఖ్య సాధారణంగా పెద్దది. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది 'స్కాలర్‌లోదే ఇవ్వండి సార్' అని అడగడానికి కారణం ఇదే. వారిని తప్పుపట్టను, దరఖాస్తు ఫారంలో ఖాళీ గడి మాత్రమే ఉండేది, ఏ ఆధారం నుంచి తీసి నింపాలో ఉండేది కాదు.

తెలుగువారికి ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. విదేశీ పత్రికలు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుని మిగతా వాటిని పొడి అక్షరాలు చేస్తాయి. దాంతో ఎందరో రావులు, రెడ్డిలు, ప్రసాదులు, కుమార్లు ఒకే పొడి అక్షరాలతో ఒకే మనిషిగా కలిసిపోతారు. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న మహిళా శాస్త్రవేత్తలు ఇద్దరుగా చీలిపోతారు. హైదరాబాదులో ఆముదం మీద పనిచేసేవారి పేపర్లు, ఇంకెక్కడో హృద్రోగాల మీద పనిచేసేవారి ఖాతాలో కనబడటం నాకు మామూలు విషయం. 2012లో ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య వచ్చాక కొంత మెరుగుపడింది గాని, అంతకు ముందు కాలం పేపర్లున్న వారి లెక్కను చేత్తో సరిచూడక తప్పదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొక్కలతో పనిచేసేవారికి కాలం మిగతావారి కాలంలా నడవదు. పత్రికల స్థాయికి గుర్తుగా అందరూ చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉందే, యూజీన్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఆ లెక్క, ఒక పత్రికలో గడిచిన రెండేళ్లలో అచ్చయిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో మాత్రమే చెబుతుంది. పత్రికను గురించిన సగటు అది. అందులో రాసిన మనిషిని గురించి ఏమీ చెప్పదు. అదటుంచినా, వరికి రెండేళ్లంటే ఏమిటో చూడండి. ఒక జన్యువు ఏం పని చేస్తుందో తేల్చాలంటే, గింజ నుంచి క్యాలస్ అనే కణాల ముద్దను పెంచి, ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా ద్వారా జన్యువును చొప్పించి, జన్యువు చేరని కణాలను చంపే హైగ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన పోషక మాధ్యమం మీద బతికి బట్టకట్టిన ముక్కల నుంచి మొలకలు తీసి, వాటిని మెల్లగా గ్రీన్‌హౌస్ గాలికి అలవాటు చేయాలి. అక్కడికి టీ0 అనే మొదటి తరం చేతికొస్తుంది. దాని గింజలు నాటితే టీ1. జన్యువు ఒకేచోట చేరి ఉంటే నాలుగింట మూడు మొక్కల్లో అది ఉంటుంది. ఆ మూడింటిలో జన్యువు రెండు ప్రతులూ ఉండి స్థిరపడినది ఏదో, టీ2 గింజలు మొలిస్తేగాని తెలియదు. 145 నుంచి 150 రోజుల సాంబ మసూరి లాంటి రకమైతే ఎంత తొందరపడ్డా ఏడాదికి రెండు తరాలు. ఈలోపు కుండీకి నీళ్లు తప్పినా, గ్రీన్‌హౌస్‌లో కూలర్ చెడినా, దోమపోటు వచ్చినా ఒక పంట కాలం పోయినట్టే.

దీనికి భిన్నంగా, ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో విత్తనం నుంచి విత్తనానికి దాదాపు ఆరు వారాలు చాలు. 1998లో క్లఫ్, బెంట్ అనే శాస్త్రవేత్తలు సులభం చేసి చూపిన పద్ధతిలో, క్యాలస్ అవసరమే లేకుండా, పూమొగ్గలను ఆగ్రోబాక్టీరియం కలిపిన ద్రావణంలో ముంచితే సరిపోతుంది. ప్రపంచమంతా ఆ మొక్క మీద పనిచేస్తుంది కాబట్టి చదివి ఉటంకించేవారూ ఎక్కువే. పక్కపక్క గదుల్లో, సమానమైన తెలివితో, సమానమైన కష్టంతో పనిచేసే ఇద్దరిలో వరివారికి ఐదేళ్ల ఫెలోషిప్‌లో ఒక మంచి పేపరు వస్తే, అరబిడాప్సిస్‌వారికి అంతకంటే ఎక్కువ రావడం సహజం. మామిడి, కొబ్బరి మీద పనిచేసేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. జన్యుమార్పిడి మొక్కను పొలంలో పరీక్షించాలంటే కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం (జీఈఏసీ) అనుమతి, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ నిరభ్యంతర పత్రం. ఆ కాగితాల కోసం ఎదురుచూసిన కాలం ఏ ఇండెక్స్‌లోనూ కనబడదు.

ఇక ఎక్కువ సైటేషన్లు వచ్చాయంటే గొప్ప ఆవిష్కరణ అనుకోవడం ఇంకో పొరపాటు. 2014లో నేచర్ పత్రిక అప్పటిదాకా అత్యధిక సైటేషన్లు పొందిన 100 పేపర్ల జాబితా వేస్తే, ప్రొటీన్ పరిమాణాన్ని కొలిచే పద్ధతి మీద 1951లో లోరీ బృందం రాసిన పేపరు 3 లక్షలకు పైగా సైటేషన్లతో మొదటి స్థానంలో నిలిచింది. డీఎన్ఏ జంట మెలిక నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి పేపరు ఆ వందలో లేనే లేదు. మొక్కల రంగంలోనూ అంతే. ఏ ల్యాబ్‌లో చూసినా కొత్తగా చేరిన విద్యార్థి చేసే మొదటి పని ఆకు నుంచి డీఎన్ఏ తీయడం: 60 డిగ్రీల వేడి మీదున్న సీట్యాబ్ అనే డిటర్జెంట్ ద్రావణంలో ఆకును నూరి, క్లోరోఫారం, ఐసోఅమైల్ ఆల్కహాలు కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన నీటి పొరను పిపెట్‌తో తీసి, ఐసోప్రొపనాల్ పోస్తే డీఎన్ఏ తెల్లని పోగులుగా విడివడుతుంది. కొద్దిపాటి తాజా ఆకుతో ఈ పని ఎలా చేయాలో డాయల్ దంపతులు 1987లో రాసిన ఐదు పేజీల వ్యాసం, ఫైటోకెమికల్ బులెటిన్ అనే చిన్న ప్రచురణలో వచ్చింది. చాలా గ్రంథాలయాల్లో ఆ సంచిక దొరకదు. దాన్ని ఉటంకించినవారిలో అధికభాగం అసలు ప్రతిని చూసి ఉండరని నా అనుమానం. అయినా వృక్షశాస్త్రంలో అత్యధికంగా ఉటంకించే పేపర్లలో అదొకటి. పెద్ద పత్రికలో వస్తేనే సైటేషన్లు అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే మేలు.

దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంది. టిష్యూ కల్చర్‌కు (మొక్కల కణాలను సీసాల్లో పెంచే పద్ధతికి) మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో పొగాకు కణాలతో కుదిర్చిన ఎంఎస్ అనే పోషక మాధ్యమం ఇప్పుడు పొడిగా ప్యాకెట్లలో దొరుకుతుంది. బెంగళూరు చుట్టుపక్కల టిష్యూ కల్చర్ ల్యాబ్‌ల నుంచి మన రాయలసీమ అరటి తోటలకు వెళ్లే మొక్కలు ఇలాంటి మాధ్యమాల మీద పెరిగినవే. అందరూ వాడే వస్తువైపోయాక మూల వ్యాసాన్ని ఉటంకించాలన్న స్పృహ తగ్గిపోతుంది. ఒక పద్ధతి అందరి వాడుకలో ఎంత బాగా కలిసిపోతే, దాన్ని కనిపెట్టినవారి పేరు అంత తక్కువగా వినబడుతుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, బెంగళూరులో మన తెలుగువాళ్లు బస్తాలకొద్దీ కొనే బీపీటీ బియ్యమే ఉంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తినడానికి ఎంత బాగుంటుందో బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు అంత సులువుగా లొంగిపోతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, అక్కడిదే అయిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి, ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను, అవి మొక్కలో ఉన్నాయో లేదో చెప్పే డీఎన్ఏ మార్కర్ల సాయంతో అందులోకి తెచ్చి, గింజ నాణ్యత పోకుండా మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే తిరుగు సంకరం చేసి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేశాయి. దాని పేపరు యూఫిటికాలో వచ్చింది. అది మొక్కల ప్రజననం వాళ్లు చదివే పత్రిక, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి కళ్లు పెద్దవి చేసే రకం కాదు. ఆ విత్తనం వేసుకుని మందు ఖర్చు తప్పించుకున్న రైతు ఎవరినీ సైట్ చేయడు. ఇక్కడ కర్ణాటకలో, భారతీయ రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు తెచ్చిన లక్ష్మణయ్య గారిని ఇప్పటికీ 'రాగి లక్ష్మణయ్య' అనే తలుచుకుంటారు. ఆయన హెచ్-ఇండెక్స్ ఎంతని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

సైటేషన్లు పనికిరావని నేననను. కంకిలో గింజల సంఖ్యను శాసించే జీఎన్1ఏ జన్యువు ఏమిటో 2005లో జపాన్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో చెప్పారు. సైటోకైనిన్ అనే హార్మోనును విరిచేసే ఎంజైమును తయారుచేసేది ఆ జన్యువే. అది మందగిస్తే హార్మోను పేరుకుని గింజలు ఎక్కువ కడతాయి. ఆ పేపరుకు విస్తారంగా సైటేషన్లు వచ్చాయి, రావలసినవే. అదే జన్యువును సాంబ మసూరిలో సవరించి, 'కమల' పేరుతో డీఆర్ఆర్ ధాన్ 100 అనే వరి రకాన్ని 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దాంతోపాటే, 2009లో చైనా శాస్త్రవేత్తలు వెల్లడించిన డీఎస్‌టీ అనే జన్యువును మన మార్టేరు రకం ఎంటీయూ 1010లో సవరించి రూపొందించిన పూసా డీఎస్‌టీ రైస్ 1ను కూడా ప్రకటించింది. వీటి దిగుబడి లెక్కల మీద వాదోపవాదాలున్నాయి, అది వేరే ఉత్తరం. నేను చెప్పదలచినది కాల వ్యవధి గురించి: పేపరు నుంచి వంగడానికి ఒకదానిలో 20 ఏళ్లు, ఇంకోదానిలో 16 ఏళ్లు పట్టింది. రెండేళ్ల కిటికీలోంచి చూసేవారికి ఇందులో ఏది కనబడుతుంది?

నిజాయితీకి కూడా ఈ లెక్కల్లో గడి లేదు. పైన చెప్పిన ఎక్స్‌ఏ21 జన్యువును 1995లో వేరుచేసింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పమేలా రోనాల్డ్ బృందం. ఆ జన్యువు బాక్టీరియాను ఎలా పసిగడుతుందో చెబుతూ 2009లో ఆ బృందం వేసిన ఫలితాలు, ల్యాబ్‌లో బాక్టీరియా నమూనాల మీద పేర్లు తారుమారు కావడంతో నిలబడలేదు. ఆ సంగతి వారే కనిపెట్టి, వారే బయటపెట్టి, 2013లో రెండు పేపర్లను వెనక్కి తీసుకున్నారు. 2015లో బాక్టీరియా నుంచి వెలువడే రాక్స్ఎక్స్ అనే అసలు సంకేతాన్ని ప్రచురించారు. ఒక శాస్త్రవేత్తను అంచనా కట్టడానికి నాకు ఏ హెచ్-ఇండెక్స్ కంటే ఈ వృత్తాంతం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇదంతా నేను కొత్తగా చెబుతున్నది కాదు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషులను కొలవొద్దన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లో వెలువడింది, ఇలాంటి అంకెలను ఎలా వాడాలో చెప్పిన లైడెన్ మేనిఫెస్టో 2015లో వచ్చింది. అంతకు చాలా ముందే, 1932 నుంచి మన బెంగళూరులోనే వెలువడుతున్న కరెంట్ సైన్స్‌లో ఆ పత్రిక అప్పటి సంపాదకుడు ఆచార్య పి. బలరాం ఈ విషయం మీద పలుమార్లు సంపాదకీయాలు రాశారు. ఆ ప్రకటనలు శాస్త్రవేత్తలకూ సంస్థలకూ ఉద్దేశించినవి. దినపత్రికలకు అలాంటి నియమం ఎవరూ రాసి ఇవ్వలేదు కాబట్టి ఈ ఉత్తరం.

నా విన్నపం ఇది. ఇకముందు ఇలాంటి వార్త వేసేటప్పుడు అంకెలు వేయండి, తప్పులేదు. కాని అవి ఏ ఆధారం నుంచి, ఏ తేదీన తీసినవో, స్వీయ సైటేషన్లు కలిపినవో కానివో, జీవితకాలపు పట్టికలోవో ఏడాది పట్టికలోవో ఒక్క వాక్యంలో చెప్పండి. మీ విలేకరి ఆ శాస్త్రవేత్తకు ఫోన్ చేసి, ఎక్కువమంది ఉటంకించిన పేపరు ఏదో, అందులో ఏముందో, దాన్ని వాడుకున్నవారు ఏం చేశారో అడిగితే పావుగంట పడుతుంది. తన దృష్టిలో ముఖ్యమైనదై ఉండి కూడా ఎవరూ పట్టించుకోని పేపరు ఏదని అడిగితే ఇంకా మంచి వార్త దొరుకుతుందని నా అనుభవం. ఆయన పనిచేసిన మొక్క పేరు శీర్షికలోనే ఉండాలి. కొత్త విడత పట్టిక సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల ప్రాంతంలో వస్తుంది. అందులోని నిలువు వరుసలు ఎలా చదవాలో మీ డెస్క్‌లో ఎవరికైనా తెలుసుకోవాలనిపిస్తే, కూర్చుని చూపించడానికి నాకు అభ్యంతరం లేదు.

భవదీయుడు,
విశ్రాంత గ్రంథాలయాధికారి,
సంజయనగర్, బెంగళూరు